తోక ముక్క

“అక్కడే ఆగు! గడపలో కాలు పెట్టావంటే ఊరుకోను!”

అత్తగారి కేకకు యిన్‌హో వాకిట్లోనే ఆగిపోయింది. పదకొండు రోజుల క్రితం భర్త కాంచ్యూన్‌తో కలిసి పట్టుగూళ్ల బేరానికి పడవెక్కింది. రెల్లుదుబ్బుల మలుపులో ఏటి దొంగలు చుట్టుముట్టి, పడవలో ఉన్నవాళ్లందరినీ పట్టుకుపోయారు. ఇవాళ మిట్టమధ్యాహ్నం, అరికాళ్లు బొబ్బలెక్కి, ఒక్కతే నడిచివచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు పాపం!

“నా కొడుకేడే?”

“వాళ్ల దగ్గరే ఉన్నారు అత్తయ్యా... ప్రాణాలతోనే ఉన్నారు. పెదమామయ్యగారు డబ్బు సంగతి మాట్లాడ్డానికి వస్తే వదిలేస్తామన్నారు.”

“మరి నిన్నెలా వదిలారే? చక్రవర్తిని దింపేసిన దగ్గర్నుంచీ ఏటి మీద అడిగే నాథుడు లేడు! ఆడదాన్ని ఊరికే వదిలే దొంగల్ని నేనెక్కడా వినలేదు. ఏం చేసి వచ్చావో చెప్పు!”

పక్కింటి ఆడవాళ్లు మల్బరీ ఆకు తరగడం ఆపి చెవులు రిక్కించారు. యిన్‌హోకు కోపం రావలసింది. రాలేదు. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో దిగమింగిన మాటల్లో ఇదీ ఒకటి, అంతే! కానీ లోపల ఎనిమిదేళ్ల కూతురుంది. ఈ తలుపు మూసుకుపోతే వెళ్లడానికి తనకు పుట్టిల్లు కూడా లేదు.

“చేప పెట్టారు అత్తయ్యా...” అంది నీరసంగా. “ఉడికించిన చేప మొత్తంగా మా ఇద్దరి ముందూ పెట్టారు. రెండు రోజుల ఆకలి! ఆయన పొట్ట దగ్గర మెత్తని ముక్క తీసుకున్నారు. నేను తోక తీసుకున్నాను. వాళ్ల నాయకుడు పకపకా నవ్వాడు. ఎవరు ఏ ముక్క తింటారో చూసి, ఉన్నవాళ్లెవరో లేనివాళ్లెవరో పట్టేస్తాడట. ‘వీడు షావుకారు. ఇది వీళ్లింటి పనిమనిషి. దీనికోసం ఎవడొస్తాడు? తిండి దండగ’ అన్నాడు.”

“మావాడు ఊరుకున్నాడా? నా పెళ్లామని చెప్పలేదూ?”

“నాకేసి చూశారు... నా గిన్నెలో తోక ముక్కకేసి చూశారు. పెళ్లయ్యాక ఆయన నా గిన్నెలోకి చూడడం అదే మొదటిసారి అత్తయ్యా! ‘అవును, మా ఇంటి పనిమనిషే, పంపేయండి’ అన్నారు. ఆ మాట అంటూ ఏడ్చేశారు!”

అత్తగారికి తన ఇంటి వడ్డన గుర్తొచ్చింది. పొట్ట ముక్క కొడుక్కి, వీపు ముక్క తనకు, తలా తోకా కోడలికి. పన్నెండేళ్లుగా అలా వడ్డించింది తన చేతులే! ఊళ్లో ఎవరు నమ్మినా నమ్మకపోయినా, ఇది అబద్ధం కాదని ఆవిడకు తెలుసు.

“ఎండలో ఎంతసేపు నుంచుంటావు... లోపలికి రా,” అంది చివరికి.

మామగారి అన్న అయిన పెదమామయ్యగారు కబురందుకుని వెంటనే పడవ కట్టించుకుని బయల్దేరారు. అత్తగారు చెరువులోంచి చేప పట్టించి, అల్లం వేసి ఆవిరి మీద తనే ఉడికించింది. యిన్‌హో చేతిలోని తినే పుల్లలు అలవాటుగా తోక మీదికే వెళ్లాయి. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, పొట్ట ముక్క కోడలి గిన్నెలో వేసింది.

“తిను తల్లీ...”

మెత్తగా, ఒక్క ముల్లయినా లేకుండా ఉంది. ఎదురుగా అత్తగారు తల ముక్క తన గిన్నెలో వేసుకుని ముళ్లు ఏరుకుంటోంది. ఆవిడకు చేతకావడం లేదు. యిన్‌హో చూసింది. ఏరిపెట్టడానికి చెయ్యి చాచలేదు. బాగా అలసిపోయింది.