జానెడు పర్దా

ఆ రోజు పొద్దున నూర్‌బీ చేతిలో కిచిడీ అడుగంటింది. పాతికేళ్ల కాపురంలో అట్లాంటిది జరగలేదు. అయినా తింటున్నవాళ్లలో ఒక్కరూ కిక్కురుమనలేదు. వేరే రోజైతే కొడుకు లాల్ పళ్లెం ముందు కూర్చుని తల్లిని ఎంత ఆటపట్టించేవాడో! ఇప్పుడు వాడు తల వంచుకుని మాడిన మెతుకులు ఏరి పక్కన పెడుతున్నాడు, అంతే.

వెక్కిరించుకునే పొద్దు కాదది. రెండు రోజుల కింద, మసక చీకటి పడే వేళ, చెల్లెల్ని ఇంటికి తెస్తున్న లాల్ మోటార్ సైకిల్‌ను వెనక నుంచి ఒక సైకిల్ గుద్దింది. సైకిల్ మీదున్న దేవసహాయానికి కుడి మణికట్టు విరిగింది. ఆయన వీళ్లుండే రెజిమెంటల్ బజార్‌లోనే గడియారాలు బాగుచేసుకుని బతికే మనిషి. ఆ చేయి లేకుంటే ఆయన ఇంట్లో పొయ్యి వెలగదు. ఎడ్లబండి అడ్డమొచ్చి లాల్ బండి ఆపాడట, వెనక ఎర్ర దీపం కనబడక ఆయన వచ్చి గుద్దుకున్నాడట. ఈ సంగతి విచారించడానికి బీమా కంపెనీ నుంచి రిచర్డ్ అనే ఆయన పదింటికి వస్తానని కబురు పెట్టాడు.

ఆ మోటార్ సైకిల్ కథ కొంచెం చెప్పాలి. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు బొల్లారంలో మిలిటరీవాళ్లు పాత బండ్లు వేలం వేస్తే, లాల్ ఒకటి కొన్నాడు. దాని మీద మందుల దుకాణం సామాను ఇండ్లకు చేరవేస్తాడు. వాడి చెల్లెలు బానో పద్మారావు నగర్‌లో టీచర్ ట్రైనింగ్‌కు పోతానంటే, తండ్రి మౌలా అలీ ఒక్కటే షరతు పెట్టాడు. పర్దాలో పోవాలి. ఆయన రిక్షాలకూ టాంగాలకూ టాపులు కుట్టే మనిషి. రిక్షాకు పర్దా ఉండగా మోటార్ సైకిల్‌కు ఎందుకుండకూడదు? వెనక సీటు పొడిగించి, ఇనుప చువ్వలు నిలబెట్టి, టాపు వేసి, మూడు దిక్కులా పర్దాలు కుట్టేశాడు. లష్కర్ ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ అని మీసం దువ్వుకున్నాడు. ఒక్కటి మాత్రం జాగ్రత్త పడ్డాడు, వెనక పర్దా అంచు ఎర్ర దీపానికీ నంబర్ పలకకూ బెత్తెడు పైనే ఆగేట్టు. ఇక బీమా కాగితం సంగతంటారా, పెట్టెలో బట్టల అడుగున భద్రంగా ఉంది. దాంట్లో ఏం రాసుందో మాత్రం ఇంట్లో ఎవరూ చదివిన పాపాన పోలేదు.

"ఆ సాబ్‌కు నేను చెప్తా భాయ్," అంది బానో ఉన్నట్టుండి. "తప్పు నాదే."

"నువ్వేం చేసినవే?" అన్నాడు లాల్.

"రోజూ సందు దాటినంక గాలి కోసం వెనక పర్దా పైకి చుట్టుకుంట. ఆ రోజు ఎంత గుంజినా లేవలే. ఏదో బరువుగున్నది. గుంజిన కొద్ది కిందికే జారినట్టుంది. దీపానికి అడ్డం పడ్డది నా గుంజుడుకే."

లాల్ చేతిలో ముద్ద పళ్లెంలో పడింది. "సక్కగ కూసోరాదు? అందరూ నేను బత్తీ వెయ్యలేదంటున్నరు! లైసెన్స్ పీకేస్తరు. దుకాణం సేఠ్ ఇయ్యాల్నో రేపో వేరేటోన్ని పెట్టుకుంటడు. నీ గాలి పిచ్చికి నా నౌకరీ పోయింది!"

"అందుకే చెప్తున్న గద," అంది బానో. "ఇంక ట్రైనింగ్‌కు పోను. పుస్తకాలు వాపస్ ఇచ్చేస్తా."

మౌలా అలీ కిచిడీ తింటూనే ఉన్నాడు. ఒక ముద్ద, మళ్లీ ఒక ముద్ద. చేయి ఆపితే ఎవరైనా తన మొహం చూస్తారని భయం.

వచ్చేవాళ్లు చూస్తారని నూర్‌బీ వాకిట్లో బండి దగ్గరికి వెళ్లి టాపు మీది దుమ్ము దులపసాగింది. వెనక పర్దా అంచు దగ్గర ఆమె చేయి ఆగిపోయింది. అంచు పొడుగునా వరసగా సూది బొక్కలు. కొత్తవి. భర్త కుట్టే మందపు దారానికి మైనం పట్టించేది ఇన్నేళ్లుగా ఆమె చేతులే, ఆ కుట్టు ఆమెకు తెలియకపోవడమేమిటి! పోయి ఆయన పనిముట్ల సంచీ బోర్లించింది. కింద నుంచి జానెడు వెడల్పు పట్టీ ఒకటి బయటపడింది. రెండు మడతల కాన్వాసు, అంచుకు తోలు. మధ్యలో సైకిల్ చక్రం మట్టి మరక.

పెరట్లో చేయి కడుక్కుంటున్న భర్త ముందు దాన్ని పడేసింది.

"ఇదేందయ్యా?"

మౌలా అలీ చెంబు కింద పెట్టాడు.

"ఎప్పుడు కుట్టినవ్?"

"ఆ రోజు పొద్దుగాల్నే. లాల్ నిద్ర లేవకముందు."

"పీకింది?"

"బండి ఇంటికి తెచ్చినంక... ఎవ్వరూ చూడకముందు."

నూర్‌బీ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "ఎందుకు చేసినవ్?"

"అత్తర్ల చాంద్‌పాషా నలుగుర్ల అన్నడు. నీ బిడ్డ పర్దా పైకి చుట్టుకుని బజారంత చూసుకుంట పోతున్నది, నీ టాపు ఎవరి కోసం కుట్టినవ్ అని. అందరూ నవ్విండ్రు. పొడుగ్గ, బరువుగ ఉంటే ఇంక చుట్టరాదనుకున్న. దీపం సంగతి మతికి రాలే నూర్‌బీ, అల్లా సాక్షి."

"బిడ్డను పిలిచి చుట్టకు అంటే అయిపోవు గద! దొంగతనంగ కుట్టుడేంది?"

ఆయన ఆ మాట దాటేశాడు. "ఇది చెప్తే బీమా పైసలు రావు. దేవసహాయంకు సుత నష్టం," అన్నాడు.

"ఆహా! దేవసహాయం మీద ఎంత ప్రేమ!" నూర్‌బీ కసిరింది. "బిడ్డ నీ తప్పు నెత్తికెత్తుకుంటుంటే కూసొని కిచిడీ తిన్నవ్. నీ గొంతుల ఎట్ల దిగిందయ్యా అది?"

ఆ మాటకు మౌలా అలీకి పుట్టింది సిగ్గు. ఇన్నాళ్లూ బజార్‌లో నలుగురు నవ్వితేనే సిగ్గనుకున్నాడు. ఇది వేరు. ఇంట్లో, కట్టుకున్నదాని ముందు, చంక కింద చెమట పట్టించే సిగ్గు ఇది. ఆ పట్టీ తీసి జేబులో కుక్కుకున్నాడు.

పదింటికి రిచర్డ్ వచ్చాడు. లష్కర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, తెలుగు మనలాగే మాట్లాడతాడు. ఆయన వెంట దేవసహాయం, మెడలోంచి వేలాడే కట్టులో చేయి పెట్టుకుని. పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చారు. రిచర్డ్ బండి చుట్టూ తిరిగి, టాపు తట్టి చూసి కూర్చున్నాడు.

"సూడు భాయ్, సాఫ్ చెప్తా. కంపెనీ బీమా చేసింది కాగితంల రాసున్న బండికి. దాంట్ల ఈ పొడుగు సీటు లేదు, ఈ టాపు లేదు. వెనక ఏం మార్చినా మాకు ముందుగాల చెప్పాలె, సర్కార్ దఫ్తర్ల సుత రాయించాలె. ఇగ దీపం, నంబర్ కనబడకుంట చేసుడు కానూన్ ప్రకారం నేరం. పర్దా అడ్డం పడితే అది అనుకోకుంట ఇత్తెఫాక్‌గనా, ఎవరన్నా కావాలని కప్పిండ్రా, అది నాకు తేలాలె. గాలికో దేనికో జారిందంటే పెద్దలతోటి మాట్లాడి ఈయనకు ఎంతో కొంత ఇప్పించొచ్చు. కావాలని కప్పితే ఏం రాదు. కప్పినోని మీద కేసు."

తలుపు చాటు నుంచి బానో గొంతు వినిపించింది. "సాబ్, అది నేను చేసిన. పర్దా గుంజిన, జారింది. మా భాయ్ బత్తీ వేసిండు. ఆయన లైసెన్స్ తియ్యకుండ్రి."

మౌలా అలీ జేబులో పట్టీ తడుముకున్నాడు. ఇంకో రెండు నిమిషాలు ఊరుకుంటే అంతా సర్దుకుపోతుంది. బీమా వస్తుంది, కేసు ఉండదు, తన పట్టీ సంగతి పెళ్లాం తప్ప ఎవరికీ తెలియదు. ఎంత సులువు!

దేవసహాయం తలుపు వైపు తిరిగాడు. "పోనీ బిడ్డా, ఏడవకు. సదువుకునే పిల్లవు, నీకేం ఎరుక? నా నసీబ్ అట్లున్నది. నువ్వు మాత్రం సదువు మానకు."

ఆ మంచితనాన్ని తట్టుకోలేకపోయాడు మౌలా అలీ. లేచి నిలబడ్డాడు. జేబులోంచి పట్టీ తీసి దేవసహాయం కాళ్ల దగ్గర పెట్టాడు.

"జారలే దేవసహాయం సాబ్. నేనే కప్పిన. నా బిడ్డ మొహం ఎవరూ చూడొద్దని పొడుగు చేసి కుట్టిన. దెబ్బ తగిలినంక పీకి దాసిపెట్టిన."

లాల్ తండ్రిని పరాయివాణ్ని చూసినట్టు చూశాడు. "రెండు రోజుల సంది అందరూ నన్ను తిడుతుంటే చూసుకుంట కూసున్నవా అబ్బా?" అని, జవాబు కోసం ఆగకుండా గోడ వైపు తిరిగిపోయాడు.

దేవసహాయం పట్టీని చూశాడు, తన చేయి చూసుకున్నాడు. ఆయన మొహంలో మంచితనం పోయింది.

"నిన్న మా ఇంటికొచ్చినవ్. బత్తాయిలు నా పెళ్లాం రోసమ్మ చేతికిచ్చి, నా పక్కన కూసొని పోరగాళ్లకు బండ్లు ఇయ్యొద్దన్నవ్. అప్పుడు సుత ఇది నీ సంచీల్నే ఉన్నదా భాయ్?"

"ఉన్నది."

"ఛీ," అన్నాడు దేవసహాయం, మెల్లగా. అరిచి తిట్టినా బాగుండేది.

"బీమా పోతే పోనీ," అన్నాడు మౌలా అలీ. "మీ చెయ్యి బాగయ్యేదాక మీ ఇంటి తిండి నాది. కేసు నా మీదనే రాసుకోండ్రి సాబ్."

రిచర్డ్ సంచీలోంచి కాగితం తీశాడు. "నోటిమాట చెల్లదు. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాసియ్యాలె. ఉర్దూల రాసినా సరే."

మౌలా అలీకి చదువు రాదు. కొడుకు వైపు చూశాడు. "నేను రాయ," అన్నాడు లాల్ గోడకేసి చూస్తూనే.

అప్పుడు తలుపు తెరుచుకుంది. బానో దుపట్టా తల మీదికి లాక్కుని, పరాయి మగవాళ్లున్నారని కూడా చూడకుండా వచ్చి, తండ్రి ముందు చాప మీద కూర్చుంది. కలం తీసుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెప్పబ్బా."

ఆయన చెప్పాడు. టాపు కట్టింది తానేనని, ఎవరికీ చెప్పలేదని, ఏ రోజు పట్టీ కుట్టిందీ, ఎప్పుడు పీకిందీ. బానో రాసి మొత్తం పైకి చదివింది. మౌలా అలీ చెవులు వేడెక్కిపోయాయి. నోటితో చెప్పినప్పుడు కన్నా, కూతురి గొంతులో వింటే ఆ పని ఇంకా నీచంగా ఉంది. అయినా ఆమె ఒక మాట వదిలేసిందని పట్టుకున్నాడు.

"ఎందుకు కుట్టిననో చెప్పిన గద. అది రాయలే నువ్వు."

"అది అక్కర లేదబ్బా."

"నా బిడ్డ మీద అనుమానంతో కుట్టిన. రాయి."

బానో కలం కాగితం మీద ఆగిపోయింది. "నిజంగ అనుమానమేనా అబ్బా?" అంది, ఆయనకు మాత్రమే వినబడేట్టు.

"నువ్వు ఎసొంటిదానివో నాకు ఎరుకే. నలుగురు నవ్వంగనే ఆ ఎరుక పోయింది. ఏం మనిషిని బేటీ నేను!" మౌలా అలీ కళ్లు తుడుచుకోలేదు, ఎవరు చూసినా సరే అన్నట్టు కూర్చున్నాడు. "రాయి. నా బిడ్డ తప్పు ఏం లేదని సుత రాయి."

"నా గురించి నేనెట్ల రాసుకుంట?"

"నేను చెప్తున్న గద. రాయి."

ఆమె రాసింది. రాస్తూ ఏడ్చింది. కాగితం మీద రెండు చుక్కలు పడి అక్షరాలు అలుక్కుపోయాయి. వేరే కాగితం మీద రాయమంటారా అని బానో తలెత్తితే, రిచర్డ్ అక్కర్లేదని చేయి ఊపాడు. మౌలా అలీ సిరా పూసుకుని వేలిముద్ర వేశాడు. దేవసహాయం ఆ ముద్రను చాలాసేపు చూసి, లేచాడు. నూర్‌బీ తెచ్చిన చాయ్ ఎడమ చేత్తో అందుకుని నిలబడే తాగాడు.

వాళ్లు వెళ్లాక మౌలా అలీ కూతురి దగ్గరికి వచ్చాడు. "రేపు ట్రైనింగ్‌కు ఎన్నింటికి పోవాలె బేటీ? నడిచి పోదాం. నేనొస్త."

"నువ్వు రావొద్దబ్బా," అంది బానో. "నేనొక్కదాన్నే పోత."

అది ఆయనకు గట్టిగానే తగిలింది. అయినా తలూపాడు. బానో మొహం మెత్తబడింది. దుపట్టా కొంగు తడిపి తండ్రి వేలికంటిన సిరా తుడవబోయింది. ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఉండనీ బేటీ," అన్నాడు. "అది అంత జల్ది పోవొద్దు."