అజైబాలో తెలుగు శుక్రవారం

"సిట్! డోంట్ టచ్! కమ్ ఫాస్ట్!"

మస్కట్‌లోని అజైబాలో, థెరపీ సెంటర్ వెయిటింగ్ రూంలో రఘుపతి అరుస్తుంటే, అతని మేనకోడలు ఆశ చెవులు మూసుకుని కుర్చీ కిందికి దూరింది. ఐదేళ్ల పిల్ల, ఇంకా మాటలు రాలేదు. ఆటిజం అని తెలిసి ఏడాదైంది.

లోపల్నుంచి ఒకమ్మాయి విసురుగా వచ్చింది. "ప్లీజ్, డోంట్ షౌట్ ఎట్ హర్."

రఘుపతి పక్కకు తిరిగి గొణిగాడు. "ఈమెకేం ఎరుక? సల్లగ ఏసీల కూసొని మస్తు చెప్తది."

"ఆ ఏసీ మూడ్రోజుల్నించి పనిచెయ్యట్లేదండి," అంది ఆమె, అచ్చమైన గోదావరి యాసలో.

రఘుపతి నాలిక కరుచుకున్నాడు. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చిన అతను మస్కట్‌లో ఏసీ మెకానిక్కే. ఆమె సుమలత, కొత్తగా చేరిన స్పీచ్ థెరపిస్ట్.

"అయినా పిల్లకి అలా ఆర్డర్లేస్తారేంటండి?"

"ఇంతకుముందు పోయిన సెంటర్ల ఇంగ్లీషే మాట్లాడాలె అన్నరు మేడం. రెండు భాషలైతే పిల్ల ఆగమైతదట. నాకొచ్చిన ఇంగ్లీషు సైట్ల ఫోర్‌మన్ దగ్గర నేర్సుకున్నదే. అది గట్లనే వస్తది."

సుమలతకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "మరి వాళ్లమ్మ?"

"మా అక్కకు ఇంగ్లీషు రాదు. ఏడాదిసంది బిడ్డతోని మాట్లాడుడే బంద్ జేసింది."

సుమలత నేలమీద కూర్చుని కుర్చీ కిందికి తొంగిచూసింది. ఆశ చెవుల మీది చేతులు తీసేదాకా అక్కడే ఆగింది. తర్వాత మెల్లగా అంది. "మీ అక్కగారిని ఇవాళ్టినుంచి మీ భాషలోనే మాట్లాడమనండి. పాటలు, కోపాలు, ముద్దులు, అన్నీ. దానివల్ల పిల్లకి ఏ నష్టమూ లేదు."

ఆ మాట రఘుపతి చెబితే అక్క సునీత ఫోన్లోనే ఏడ్చేసింది.

అయితే సెషన్లన్నీ ఇంగ్లీషులోనో, అరబిక్‌లోనో. తెలుగులో కూడా పెడదామని సుమలత అడిగితే మేనేజర్ అస్రా ఆలోచించింది. ఐదుగురు తెలుగు పిల్లలు వస్తే, సెలవైనా శుక్రవారం గది తెరుస్తానంది.

వాళ్లను వెతికే డ్యూటీ రఘుపతి తీసుకున్నాడు. దూరంగా రుస్తాఖ్ పట్నంలో కొట్టు నడిపే పెంచలయ్య విరుచుకుపడ్డాడు. "మా పాపకు మాట లేటు, అంతే! జబ్బేం లేదు!"

"జబ్బని ఎవలన్నరన్నా? బిడ్డ మాట్లాడే జాగ ఉన్నది, రమ్మంటున్న."

పెంచలయ్య పాప వైపు చూశాడు. "ఎన్ని గంటలకి?" అన్నాడు.

అలా ఐదుగురూ చేరి క్లాసు మొదలైంది. ఆరో శుక్రవారం సుమలత ఉడికించిన కంకి పట్టుకుని, "ఆశా, ఏం కావాలి? మొక్కజొన్నా?" అంటోంది. ఆశ చూపు కిటికీ మీద.

తలుపు దగ్గర రఘుపతి ఉండబట్టలేకపోయాడు. "మేడం, మా దిక్కు గట్లనరు. మక్క."

"అలాగా గురువుగారూ!" ఆమె కళ్లెగరేసి, మళ్లీ పాప వైపు తిరిగింది. "ఆశా, మక్క?"

ఆశ కంకిని చూసింది. పక్కనున్న తల్లి కొంగు లాగింది.

"అమ్మా. మక్క."

సునీత కంకి అందుకుంది. గింజలు వలిచి ఒక్కొక్కటే బిడ్డ నోటికి అందించింది. దుక్మ్ ఓడరేవులో డ్యూటీలో ఉన్న భర్త ప్రభాకర్‌కు ఫోన్ చేస్తే, అటునుంచి ముక్కు చీదిన చప్పుడొక్కటే వినిపించింది.

వెళ్లేముందు సునీత కళ్లు తుడుచుకుని నవ్వింది. "మేడం, పోయిన వారం పాపకు జరమని మేం రాలే. మా తమ్ముడు మాత్రం ఇస్త్రీ అంగీ ఏస్కొని వచ్చిండట?"

"వచ్చారు సునీతగారూ. బొమ్మలన్నీ కడిగి సర్దిపెట్టి వెళ్లారు."

"అక్కా, ఊకో!" రఘుపతి చెవులు ఎర్రబడ్డాయి. "నేనే చెప్త. మేడం... పాపకోసమని వచ్చుడు మొదలువెట్టిన. ఇప్పుడు నాకోసం గూడ వస్తున్న. మీకు ఇష్టం లేకుంటే చెప్పండి. ఆశను తీస్కొచ్చుడు మాత్రం ఆపను."

సుమలత పెన్ను తీసింది. ఒక కాగితం మీద నంబరు రాసి సునీత చేతికిచ్చింది.

"మా అమ్మది. ఆదివారం ఇంట్లోనే ఉంటుంది. మీరే మాట్లాడండి... వదినా."

రఘుపతి గోడకు చేరగిలబడి, ఇన్ని వారాలుగా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలేశాడు.