వరస కలవని ఊళ్లు

గాలిగుమ్మంలో నిలబడి హైమవతి రెండు చేతులూ పైకెత్తింది. నాలుగు వైపుల నుంచీ ఒక్కసారిగా వీచిన గాలి ఆమె చీరనూ, నెరిసిన జుట్టునూ, భుజాన ఉన్న సంచినీ దులిపి వదిలింది. పక్క గదిలో కూర్చున్న ఊర్వశి ముందున్న అద్దపు పలక చూసి, "పురుగేమీ లేదండి. రండి" అంది.

రోడ్డుకు తూర్పున సముద్రం దాకా సీతమ్మపుట్టుగ తోటలు. పడమట బట్టివంక తోటలు. రెండువైపులా జీడి పూత విరగబూసి ఉంది. రెండువైపులా తేనెటీగలు తిరుగుతున్నాయి. చూడటానికి అన్నీ ఒకే రకం.

కావు. వాటిని ఒకటి కాకుండా చేసినవాళ్లలో హైమవతి ఒకరు.

ముప్పై ఏళ్ల కిందట ఎండలకు ఉద్దానంలో తేనెటీగలు చచ్చిపోయాయి. మూడేళ్లపాటు జీడిచెట్లు పూసి, కాయ పట్టకుండానే పూత రాల్చేశాయి. అప్పుడు హైమవతి పనిచేసే పరిశోధన కేంద్రం ఒక సూక్ష్మజీవిని తయారుచేసింది. అది తేనెటీగ శరీరకణాల్లో కాపురం ఉంటుంది, ఎండను తట్టుకునే శక్తి ఇస్తుంది, తల్లి గుడ్డు ద్వారా పిల్లలకు చేరుతుంది. దానికి తోడుకణం అని పేరు పెట్టారు. తొందరలో రెండు విడతలుగా, రెండు చోట్ల తయారుచేసి వదిలారు. దేనికది బాగానే పనిచేసింది. ఒక విడత మగ ఈగ ఇంకో విడత రాణితో కలిస్తే మాత్రం గుడ్లు చచ్చిపోయేవి. అందుకే రెండింటి మధ్య గాలిగుమ్మాలు వచ్చాయి. పువ్వు గానీ, మొక్క గానీ, తేనెపట్టు గానీ అటుదిటు దాటకూడదు.

రైతులకిచ్చే పుస్తకం తెలుగులో రాసింది హైమవతే. విడత అన్న మాట ఆమెకు పొడిగా తోచి వరస అని రాసింది. తూర్పు వరస, పడమటి వరస. వరస కలవని జత గుడ్లు పొదగవు. ఆ మాట రైతులకు చెప్పగానే అర్థమైంది. అప్పట్లో అందుకు ఆమె ఎంతో సంతోషించింది కూడా.

"ఈ సంచిలో ఉన్నది ఉభయ తోడు" అంది హైమవతి. "రెండు వరసలతోనూ కలుస్తుంది. ఈ నెలాఖరుకు గుమ్మాలు తీసేస్తారు. నీకు వేరే పని చూపించమని రాస్తాను."

ఊర్వశి పని సంగతి అడగలేదు. కాసేపు ఆ సంచి వైపే చూసింది.

"అమ్మా, మీరు డాట్రమ్మే కదండీ. ఆ పుస్తకం మీరే రాసినారట."

"నేనే."

"అయితే మా అత్తోరింటికొకపాలి రండి. బట్టివంక. మీరు సెప్తే ఇంటారు."

దారిలో ఊర్వశి చెప్పింది. తనది సీతమ్మపుట్టుగ. ఆరేళ్ల కిందట బట్టివంకలోని ఉద్ధవ తనను ఇష్టపడి చేసుకున్నాడు. మొదటి కడుపు మూడో నెలలో పోయింది. రెండోది అయిదో నెలలో. తూర్పు వరస పిల్లను పడమటి ఇంటికి తెస్తే ఇంకేమవుతుందని ఊరంతా అన్నారు. నాలుగేళ్లుగా తను పుట్టింట్లో ఉంది.

"తప్పు మగాళ్లది కాదంటండి. వరస తల్లి నించే కదా వచ్చేది, పుస్తకంలో ఉందట. అందుకని మా ఊరి ఆడపిల్లని అవతల ఎవలూ సేసుకోరు. ఆల్ల పిల్లని మావోళ్లూ సేసుకోరు."

హైమవతి నడక ఆగిపోయింది. "అది తేనెటీగల గురించమ్మా."

"నాకేటి తెలుస్తాదండి" అంది ఊర్వశి.

బట్టివంకలో ఉద్ధవ తల్లి దమయంతి వీధి అరుగు మీద జీడిపిక్కలు ఆరబోస్తోంది. కోడలిని చూసి ముఖం తిప్పుకుంది. హైమవతికి మాత్రం పీట వేసి, చెంబుతో నీళ్లిచ్చి, "ఏ వరసమ్మా మీది?" అని అడిగింది. ఏ ఊరని అడిగినంత మామూలుగా అడిగింది. ఊర్వశి వాకిట్లోనే నిలబడింది.

హైమవతి వివరించింది. తోడుకణం పురుగుల్లోనే బతుకుతుంది. మనిషి ఒంట్లోకి రాదు, వచ్చినా ఉండదు. మనుషులకు వరసలు లేవు.

దమయంతి అంతా విని, "మరి దీనికి రెండుసార్లు పోనాది కదమ్మా" అంది.

"నాకు మూడుసార్లు పోయింది" అంది హైమవతి. "నేనూ మా ఆయనా ఒకే వీధిలో పుట్టినవాళ్లం. ఏ వరసా అడ్డు రాలేదు. ఎందుకు పోయిందో డాక్టర్లు కూడా చెప్పలేకపోయారు. కొందరికి అలా పోతుంది."

దమయంతి చేతిలోని పిక్కలు కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా, "రెండోపాలి పోయినప్పుడు నాను దాని మొకం సూడలేదమ్మా" అంది. "గదిలో పడుండి నీళ్లడిగింది. ఆ నీళ్లు కూడా పక్కింటామె సేత పంపినాను. ముట్టుకుంటే మా సిన్నకోడలికీ అంటుకుంటాదేమోనని."

అప్పుడే ఉద్ధవ తోట నుంచి వచ్చాడు. వాకిట్లో ఉన్న భార్యను చూసి తలదించుకున్నాడు. తల్లి లేచి ఎదురెళ్లింది.

"ఒరే, ఈ అమ్మ ఏటంటందో ఇను. వరసలనేవి మనుసులకి లేవట."

"తెలుసమ్మా" అన్నాడతను.

దమయంతికి అర్థం కాలేదు. "ఏటి తెలుసు?"

"పాలిటెక్నిక్‌లో సదివినాను. అది పురుగులకే. మనకేటీ లేదు."

"మరి నోరు తెరిసి సెప్పలేదేట్రా?"

ఉద్ధవ అరుగు అంచున కూర్చున్నాడు. హైమవతి వైపు చూస్తూ మాట్లాడాడు, భార్య వైపు చూడలేక.

"వరస కాదంటే మరెందుకు పోనాదని అడుగుతారండి. నీలోనా, దానిలోనా అంటారు. ఆసుపత్రులకి తిప్పుతారు. నా దగ్గర జవాబు లేదు. ఈ మాటైతే అందరూ ఒప్పేసుకున్నారు. ఇంకెవలూ ఏటీ అడగలేదు."

అతని గొంతులో మోసం లేదు. అలసట ఉంది. హైమవతికి కోపం రావలసింది, రాలేదు. ఎవరికీ ఏమీ అడిగే పని లేకుండా చేసిన ఆ మాటను అందించింది తనే.

ఊర్వశి ఒక్కటే అడిగింది. "రెండో కడుపుతో నాను ఈ ఇంట్లో ఉన్నప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

ఆమె వెనుదిరిగింది. దమయంతి మెట్టు దిగి వాకిట్లోకి వచ్చి, "అమ్మా, లోపలికి రా. తప్పైపోనాది. లోపలికి రా" అని చేయి పట్టుకుంది. ఊర్వశి ఆ చేతిని కాసేపు అలాగే ఉండనిచ్చింది. తర్వాత మెల్లగా విడిపించుకుని వీధి వెంట నడిచింది. హైమవతి ఆమెను జీడితోట మలుపులో అందుకుంది.

"కేంద్రంలో పని ఇప్పిస్తాను. నాతో రా" అంది.

"అదలాగుంచండి. మిమ్మల్నొకటి అడగాలి. గుమ్మం కాడ మాకొక మందిస్తారు కదండీ, సీసాల్లో. కడుగుమందు."

హైమవతి తలూపింది. దారితప్పి వచ్చిన తేనెటీగలను పట్టి, ఆ మందు కలిపిన చక్కెర పాకం తాగిస్తారు. ఒంట్లోని తోడుకణం చచ్చిపోతుంది. ఈగ ఏ వరసకూ చెందకుండా పోతుంది.

"రెండోపాలి నెల తప్పినప్పుడే నాకీ పని వచ్చింది. ఈగకి వరస పోతాదంటే మనిసికీ పోతాదనుకున్నాను. రోజూ ఒక మూత తాగినాను. నాలుగు నెలలు. ఆయనకీ సెప్పలేదు, ఎవలికీ సెప్పలేదు." ఊర్వశి ఆగింది. "బిడ్డ దానివల్లే పోయిందాండీ?"

ఈగలు పూల మీద తిరుగుతున్న చప్పుడు తోటంతా వినిపిస్తోంది. ఆ మందులో ఏముందో హైమవతికి తెలుసు. కలిపే పాళ్లు రాసిన మనుషుల్లో ఆమె ఉంది. ఏ మోతాదులో ఈగకు ప్రమాదమో ఆ సీసా మీద ముద్రించి ఉంటుంది. గర్భిణి తాగకూడదని లేదు. ఎవరైనా తాగుతారని ఎవరికీ తట్టలేదు.

తెలియదు అనవచ్చు. ఆ పిల్ల నమ్ముతుంది.

"అయి ఉండొచ్చమ్మా" అంది హైమవతి.

ఊర్వశి ఏడవలేదు. పమిట చెంగుతో ముఖం మీది చెమట తుడుచుకుంది. దూరంగా వాకిట్లోనే ఇంకా నిలబడి ఇటే చూస్తున్న అత్త వైపు ఒకసారి తిరిగి చూసింది.

"మందు సంగతి ఆవిడకి సెప్పకండి" అంది. "ఆ నీళ్ల సంగతే సాలు ఆవిడకి."