అడ్డాకుల కింద సోలార్ ప్లేటు

మధ్యాహ్నం ఊటనీళ్ల బిందెతో ఇంటికొచ్చిన స్వర్ణ వాకిట్లోనే ఆగిపోయింది. కొండ కింద సంత జరిగే ఊరి నుంచి మెకానిక్ నరేష్ వచ్చాడు. సోలార్ ప్లేటుకు మీటరు తీగలు తగిలించి చూస్తున్నాడు. పక్కన అయ్య సోంబరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల నాయనమ్మ మూలుగుతోంది.

నిరుడు వానల్లో కరెంటు తీగలు తెగిపడ్డాయి. బాగుచేయడానికి ఎవరూ కొండెక్కలేదు. ఆ చీకట్లోనే తాత గడప దాటుతూ కట్లపామును తొక్కాడు. తెల్లారేసరికి తాత లేడు. ఇంకో వానాకాలం ఇల్లు చీకట్లో ఉండకూడదని అయ్య సోలార్ పెట్టించాడు. పాత పెంకుల కప్పు బరువు ఆపదని నరేష్ అంటే, వాకిట్లో నడుమెత్తున వెదురు మంచె కట్టి దానిమీద ప్లేటు బిగించారు. ఎండను కొనుక్కొచ్చిన మొనగాడని ఊరంతా నవ్వింది. నవ్వినవాళ్లే తర్వాత వచ్చి ఆ వెలుగులో కూర్చున్నారు. పక్కింటి పైడయ్య తానూ పెట్టించుకుంటానన్నాడు.

ఈమధ్య లైట్లు మసకబారాయి. మొన్న పూర్తిగా ఆరిపోయాయి. చీకట్లో తడుముకుంటూ వెళ్లి నాయనమ్మ పొయ్యి మీద పడింది. మోచేతి దాకా చెయ్యి కాలింది.

లైట్లు ఎందుకు ఆరిపోయాయో స్వర్ణకు అనుమానంగా ఉంది. ఆ అనుమానం ఎవరికీ చెప్పలేదు.

నాయనమ్మ విస్తళ్లు కుట్టే అడ్డాకులు నేలమీద ఆరబెడితే మేకలు తింటాయి. మిగిలినవి ముడుచుకుపోతాయి. ముడుచుకున్న ఆకుతో విస్తరి కుట్టలేరు. సోలార్ ప్లేటు నున్నగా, వేడిగా ఉంటుంది. దానిమీద పరిస్తే ఆకు చదునుగా ఆరుతుంది. ఊళ్లోవాళ్లతోపాటు అమ్మా అయ్యా కాఫీ పళ్లు కోయడానికి వెళ్లగానే స్వర్ణ ప్లేటు నిండా ఆకులు పరిచి, జారకుండా నారతో కట్టేది. బడి నుంచి రాగానే, వాళ్లు తిరిగొచ్చేలోగా తీసేసేది. చూపు ఆనని నాయనమ్మకు ఇదేమీ తెలియలేదు. అమ్మ ఆకులు చూసి, తన కూతురు పని నేర్చిందని మురిసిపోయింది.

"ప్లేటు బాగానే ఉందన్నా," అన్నాడు నరేష్. "బేటరీయే పాడైపోనాది. సార్జింగు ఎక్కకుండానే వాడేశారు. మంచుకాలం కదా, ఈ కొండ మీద ఎండ సాల్లేదు."

పైడయ్య దడి మీంచి తొంగిచూశాడు. "నాను ముందే అనుకున్నాను. మన కొండకి ఇది పడదు. మా ఇంటికి వద్దులే, నరేషూ."

అయ్య మంచె దగ్గరికి వెళ్లి ప్లేటు అంచు మీద చెయ్యి వేశాడు.

"ఇప్పీసి అట్టుకెళిపో," అన్నాడు. "మా అమ్మ సెయ్యి కాలిపోనాది. ఇంకేటి సూడాలి?"

నరేష్ సంచిలోంచి స్పానరు తీశాడు.

స్వర్ణ బిందె దించింది. ప్లేటు వెళ్లిపోతుంది. వానాకాలం మళ్లీ వస్తుంది. తాత దాటిన గడప అక్కడే ఉంటుంది. నిజం చెబితే అయ్య కొడతాడేమో. కానీ ఆమె భయం దెబ్బలకు కాదు. ఆ మూలుగు తన వల్లేనని నాయనమ్మకు తెలిసిపోతుంది.

లోపలికెళ్లి ఆకుల కట్ట తెచ్చింది.

"నరేషన్నా, మీటరు సూడు," అంది.

ఒక్కో ఆకూ ప్లేటు మీద పరిచింది. మీటరులో అంకె తగ్గుతూ వచ్చింది. చివరి ఆకు పెట్టేసరికి దాదాపు సున్నాకు వచ్చింది.

"రోజూ ఇలాగే పరిసాను," అంది స్వర్ణ. "మంచు కాదయ్యా. నానే."

అయ్య చెయ్యి ఎత్తాడు. మళ్లీ దించేశాడు. ఆ రోజంతా ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు. కొట్టినా బాగుండేదనిపించింది.

నరేష్ ప్లేటు విప్పకుండా వెళ్లాడు. కొత్త బేటరీ వచ్చేదాకా పాతదానితోనే సరిపెట్టుకోవాలి. అది ఒక్క బల్బును కొద్దిసేపు వెలిగిస్తుంది, అంతే. పైడయ్య మళ్లీ సోలార్ ఊసెత్తలేదు. నాయనమ్మ కాలిన చేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. ఇక విస్తళ్లు కుట్టలేదు.

ఇప్పుడు స్వర్ణ పొద్దున్నే లేచి పొడిగుడ్డతో ప్లేటు మీది మంచు తుడుస్తోంది. బడి లేని రోజుల్లో ఆకులు నేలమీద పరిచి, కర్ర పట్టుకుని మేకలను అదిలిస్తోంది. లెక్కలు పొద్దు వాలకముందే వాకిట్లో కూర్చుని చేసేసుకుంటోంది. చీకటి పడ్డాక బల్బు వెయ్యదు.

"లైటేసుకుని సదువుకోవే," అంటుంది నాయనమ్మ.

"అయిపోనాది," అంటుంది స్వర్ణ.

రాత్రి నాయనమ్మ లేచిన అలికిడి కాగానే స్విచ్ నొక్కుతుంది. బాగున్న చెయ్యి పట్టుకుని, గడప అవతల నేలను ముందు తాను చూస్తుంది. తర్వాతే నాయనమ్మను అడుగు వెయ్యనిస్తుంది.