చెరిపేసిన చలికాలం

పొయ్యి మీద టీ మరుగుతోంది. తాతబాబు డ్యూటీ బూట్లకంటిన ఎర్రమట్టి దులుపుకుంటుంటే లోపలి గదిలోంచి కూతురు నూకరత్నం కేకేసింది.

"అమ్మా! నా కంప్యూటర్ ఎవరు ముట్టుకున్నారు?"

నూకరత్నం ఏడాదిగా పెరటి కిటికీలో కెమెరా బిగించి, ఎదురుగా గని తవ్వుతున్న కొండను ఫొటోలు తీస్తోంది. గంటకొకటి. వరసగా కలిపితే ఏడాదంతా నాలుగు నిమిషాల్లో పరిగెత్తిపోతుంది. ఫొటోలు బరువు, కంప్యూటర్ పాతది, డిస్కు ఊరికే నిండిపోయేది. అందుకని మసకబారినవి తీసేసే పని తండ్రికి కూడా నేర్పింది. "తీసేస్తే చెత్తబుట్టలోకి పోతాయి నాన్నా. దాన్నీ ఖాళీ చేస్తేనే జాగా. అప్పుడింక తిరిగి రావు, చూసుకో" అని మరీ మరీ చెప్పింది.

ఇప్పుడు చలికాలం మొత్తం లేదు.

"నానేటీ ముట్టలేదే!" వరహాలమ్మ గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. "నిన్న ఊడుస్తుంటే తీగ ఊడొచ్చింది, మళ్ళీ దూర్చేసినాను."

"తీగ పీకావా? ఎన్నిసార్లు చెప్పానమ్మా నీకు!"

"నీ కంప్యూటరేటి, ఆవకాయ జాడీయా? ముట్టుకుంటే బూజు పట్టేస్తాదా?"

"రాయపూర్ కాలేజీలో సీటుకి ఈ సినిమా పెద్ద సైజులోనే పంపాలి. నా ఏడాది పోయింది!"

వరహాలమ్మ మొహం చిన్నబోయింది. తీగ వల్లే పోయిందనుకుంది పాపం. తాతబాబు కట్టిన బూటు లేసే విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు. ఏడో క్లాసుతో బడి మానేసి, కొండను కొరికే షవల్ మిషన్ ఎక్కి ముగ్గురి కడుపు నింపినవాడు. భార్య మాట పడుతుంటే లేసు ముడి వైపే చూస్తున్నాడు.

కొండ కొమ్మున హుంగా వాళ్ళ దేవుడి రాయి ఉండేది. హుంగా కొండ కింది గూడెం మనిషి, తాతబాబుకి ఇరవై ఏళ్ళ స్నేహితుడు. చలికాలంలో ఒకరోజు ఆ రాయి పోయింది. "ఆ పూట డ్యూటీ నాది కాదు" అని తాతబాబు స్నేహితుడికి అబద్ధం చెప్పాడు. ఆ ముసలాయన్ని ఈ ఆదివారం పిలిచి సినిమా చూపిస్తానంది పిల్ల. పెద్ద ఫొటోల్లో తన మిషన్ మీది ఏడో నంబరు గుడ్డివాడికైనా కనబడుతుంది.

"తీగ ఊడితే ఫొటోలు పోవు." నూకరత్నం గొంతు ఉన్నట్టుండి తగ్గింది. "చెత్తబుట్ట కూడా ఖాళీగా ఉంది. అమ్మకి ఆ పని రాదు."

తాతబాబు లేసు వదిలేశాడు.

"మీ అమ్మని అనకమ్మా. నేనే తీసేసినాను. రాయి లాగింది నా మిషనే. హుంగా చూస్తాడని భయమేసింది."

పిల్ల గోడకి ఆనుకుని ఏడ్చింది. వరహాలమ్మ మొగుడి వంక చూసి, "నా మీద పడుతుంటే చూస్తా కూకున్నావా?" అంది. గట్టిగా కూడా అనలేదు. దానికంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

చాలాసేపటికి నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. "చిన్న సైజు నకళ్ళు నా ఫోన్లో ఉన్నాయి. కాలేజీకి పనికిరావు. ముందు వాటితోనే అతుకుతాను." ఆగి, తండ్రి మొహం చూసింది. "వాటిల్లో నంబరు కనబడదులే. ఎవరికీ తెలీదు."

ఆదివారం హుంగా గుప్పెడు చింతపండు దొన్నెలో పట్టుకొచ్చాడు. తెర మీద చలికాలం వచ్చేసరికి కొండ అలుక్కుపోయింది. పసుపు చుక్కంత మిషన్ ఒకటి రాయి దగ్గరికి పాకింది. తర్వాత రాయి లేదు.

"ఆ బండి ఎవరిది?" హుంగా తన హల్బీ భాషలో అడిగాడు. "నా కంటికి ఆనటం లేదు."

తాతబాబు తెర మీది చుక్క వైపు చూశాడు. చుక్కే కదా, ఊరుకుంటే సరిపోయేది.

"నాదే. నీకు అబద్ధం చెప్పినాను హుంగా."

హుంగాకి వరహాలమ్మ పెట్టిన టీ మీద మీగడ కట్టింది. చివరికి అతను, "పిల్లా, మళ్ళీ మొదట్నుంచి వెయ్యి. రాయి ఉన్నప్పట్నుంచి" అన్నాడు.

నూకరత్నం వేసింది. రాయి కనబడినంతసేపూ హుంగా చేతులు జోడించే ఉన్నాడు. పక్కన తాతబాబు కూడా జోడించాడు. కళ్ళు తుడుచుకోవడానికైనా చేతులు విడదీయలేదు. వెనకనుంచి వరహాలమ్మే వచ్చి, కొంగుతో అతని మొహం తుడిచింది.