గుర్రపుశాలలో నిలిచిన నీళ్ళు

ఏజెంటు బావ శవం పాత సైనిక గుర్రపుశాలలో, మేత వేసే ఇనుప గాడి పక్కన దొరికింది. వారం తిరక్కుండానే ఏజెంటుకీ అక్కడికే అసైన్‌మెంట్ పడింది.

"మీ అక్కకి మొహం చూపించలేకపోతున్నానయ్యా," అన్నాడు చీఫ్. "ఈ ఉదయం జనరల్ దాన్ని మ్యూజియంగా ప్రారంభిస్తున్నాడు. వాయిదా వేయమంటే వినడు. విదేశీ ముఠా అందులో బాంబు పెట్టింది. ఎక్కడో కనుక్కునేలోపే మీ బావని చంపేశారు. మరమ్మతుల ఎక్స్‌పర్ట్ వేషంలో మనమ్మాయి ఉంది అక్కడ. కోడ్‌వర్డ్ గుర్తుందిగా?"

దొంగ గడ్డం, చేతిలో తాపీ. సున్నం మేస్త్రీ వేషంలో ఏజెంటు లోపలికి అడుగుపెట్టాడు. ఎత్తైన కమాన్లు, వేడిగాలి పోవడానికి కప్పు మీద కిటికీలు, రెండు వరుసల్లో గుర్రాల గదులు. గుర్రాలు పోయి ఒక తరం దాటినా వాటి వాసన గోడల్ని వదల్లేదు. పక్క గదిలో ఎవరో బరువుగా ఊపిరి వదిలారు. తొంగిచూస్తే ఎవరూ లేరు. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి అతనికి భయం వేసింది.

"గుర్రాలకు నీళ్ళు పెట్టారా?"

"అవి దాహం మరిచి చాలాకాలమైంది," అంది ముత్యాల దిద్దుల అందగత్తె. కోడ్ సరిపోయింది. "అంతా గాలించాను, ఏమీ లేదు. మీ బావగారంటే నాకెంతో గౌరవమండీ."

పెన్నులో దాచిన డిటెక్టర్ ప్రతి ఇనుప గాడి దగ్గరా కీచుమంది. దానివల్ల దమ్మిడీ ఉపయోగం లేకపోయింది. బయట జనరల్ కారు ఆగింది.

అప్పుడు చివరి గదిలో డెక్క నేలని తన్నిన చప్పుడు. మళ్ళీ ఇంకోసారి. ఏజెంటు పరిగెత్తాడు. గది ఖాళీ. పొద్దున కడిగిన నీళ్ళు మాత్రం అక్కడ మడుగు కట్టాయి. మిగతా గదులన్నీ ఆరిపోయాయి. తడిలో నిలబడితే గుర్రం డెక్కలు కుళ్ళిపోతాయని, గుర్రపుశాల నేలని కాలువ వైపు వాలుగా వేస్తారు. ఇక్కడ ఎవరో ఇటుకలు పెకలించి, చదునుగా పరిచారు.

"ఈ నేల ఎవరు వేయించారు?"

"నేనే. ఎగుడుదిగుడుగా ఉంటే సరిచేయించాను."

"సరిచేశారా! మరమ్మతులు తెలిసినవాళ్ళు ఈ వాలు ముట్టుకోరమ్మా."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది. తాపీ ఆమె మణికట్టుకి తగిలింది. పిస్టల్ మడుగులో పడింది. మన జీతం తీసుకుంటూ ముఠాకి పనిచేసిన మనిషి గోడకి చేరబడిపోయింది. ఏజెంటు ఇటుకలు లేపాడు. టైమర్! జనరల్ బూట్ల చప్పుడు గడప దాటింది. ఆఖరి సెకనులో ఎర్రతీగ తెగింది.

"బావా, దొరికింది," అన్నాడు ఏజెంటు. వెంటనే దుఃఖం ముంచుకొచ్చింది.

"అదే గదని ఎలా పట్టావు?" ఫోనులో చీఫ్.

"గుర్రం చప్పుడు విన్నాను సార్."

"మీ బావ కూడా చివరి ఫోనులో అదే అన్నాడు. తాగావా అని తిట్టాను," అని చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "రిపోర్టులో మాత్రం డ్రైనేజీ లోపమని రాయి."