అన్నయ్య పెట్టిన సంతకం

"ఇదిగో, అందరూ చూడండి! డబ్బా ఖాళీ!"

వదిన ఆ పాత బిస్కెట్ల డబ్బాను తలకిందులు చేసి, అడుగున టపటపా తట్టింది. ఒక గుండుసూదీ, ఒక బొత్తామూ తప్ప ఏమీ రాలలేదు. నిన్న సాయంత్రమే ఆసుపత్రిలో అమ్మ కన్నుమూసింది. ఆ కన్నీళ్లింకా ఆరనే లేదు... అప్పుడే ఇంట్లో దొంగను పట్టుకునే పని మొదలైపోయింది!

చిన్నమ్మాయి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పిలుపుకు చిన్నమ్మాయే గానీ నలభై దాటిన మనిషి. భర్త పోయినప్పటి నుంచీ తల్లి దగ్గరే ఉంటూ, వీధి చివరి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి బతుకుతోంది. ఈ రెండు గదుల ఇంట్లో ఉండేది తనూ, అమ్మా. డబ్బా ఉండేది అమ్మ మంచం కింద. ఇక వేలు ఎవరి వైపు చూపిస్తారో వేరే చెప్పాలా?

"అత్తయ్య నోరు కట్టుకుని కూడబెట్టింది, తన చావు ఖర్చు కోసమని! 'నేను పోతే ఎవరి ముందూ చెయ్యి చాపకండి, అంతా డబ్బాలో ఉంది' అని నాతో ఎన్నిసార్లు చెప్పిందో! ఏమైంది ఆ డబ్బు? దానికి కాళ్లొచ్చాయా?"

"నాకు తెలీదు వదినా... ఒట్టు! నేనసలు ఆ మూతే తీయలేదు..."

"అవునవును! పిల్లి కూడా కళ్లు మూసుకునే పాలు తాగుతుంది!"

గుమ్మంలో చేరిన ఇరుగుపొరుగు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చిన్నమ్మాయి చూపు మాత్రం అన్నయ్య మీదే ఉంది. ఒక్క మాట... "నా చెల్లెలు అలాంటిది కాదు" అని ఒక్క మాట అంటే చాలు! ఆయన పెరటి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని, చేతులు రెండూ చంకల్లో దోపుకుని, నేలను చూస్తున్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. వదిన తిట్లు చెవుల దగ్గరే ఆగిపోయాయి గానీ, ఆ మౌనం తిన్నగా వెళ్లి గుండెలో దిగింది.

అన్నయ్య ఇరవై ఏళ్లకు పైగా బస్సు డ్రైవరు. క్రితం ఏడాది ఆయన్ని స్టీరింగు మీద నుంచి తీసి డిపో ఆఫీసులోకి మార్చారని వదిన ఇంటింటికీ వెళ్లి చెప్పింది. ఆ రోజు నుంచీ ఆమె నడిచి వస్తుంటే వీధి ఇరుకైపోయేది! 'ఆఫీసరు గారి భార్య' అని వెనక నవ్వుకునేవాళ్లూ ఉన్నారు. ఆమెకు అది తెలియదు పాపం.

"నిన్న ఆసుపత్రిలో, సాగనంపే ఖర్చంతా మాదేనని ఈయన దర్జాగా సంతకం కూడా పెట్టొచ్చాడు!" వదిన డబ్బాను నేల మీద పెట్టింది. "డబ్బాలో ఉందన్న ధైర్యంతోనే కదా! ఇప్పుడేం చేద్దాం? రేపు పొద్దున్నకల్లా అత్తయ్యను తీసుకెళ్లకపోతే మునిసిపాలిటీ వ్యానులో ఎక్కించేస్తారట!"

మునిసిపాలిటీ వ్యాను! అమ్మ బతికినంత కాలమూ భయపడింది దాని గురించే. అమ్మ ఆ ఆసుపత్రి లాండ్రీలోనే పనిచేసి ముసలిదైంది. ఎవరూ లేని శవాల మీది దుప్పట్లు తన చేత్తో ఉతికింది. వాళ్లందరినీ ఒకే గోతిలో వరసగా పడుకోబెట్టి మట్టి కప్పుతారనీ, పైన పేరన్నది ఉండదనీ ఆమెకు తెలుసు. "నన్ను అందులో కలపనివ్వకే తల్లీ... చెక్కముక్క మీదైనా సరే, నా పేరు రాసి పెట్టు" అని చిన్నమ్మాయి చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. చెయ్యి వేసిన కూతురు ఇప్పుడు ఖాళీ డబ్బా ముందు నిలబడింది...

"ఒక మాట చెప్తాను, వింటారా?" గుమ్మంలోంచి పక్కింటి టైలరు పిన్ని ముందుకొచ్చింది. "మునిసిపల్ ఆఫీసులో కిందనే సహాయం కౌంటరు ఉంది. రాబడి లేని వాళ్లింట్లో ఎవరైనా పోతే ఆ ఖర్చు ఆఫీసు వాళ్లే పెట్టుకుంటారు. మా ఆయన పోయినప్పుడు నేనూ వెళ్లాను. సిగ్గుపడితే పనులు జరగవు చిన్నమ్మాయ్, వెళ్లు."

"బిచ్చమా!" వదిన గయ్యిమంది. "ఆఫీసరు గారి తల్లిని బిచ్చమెత్తి సాగనంపడమా! మేమింకా చావలేదు పిన్నిగారూ!"

చిన్నమ్మాయి చెప్పులు వేసుకుంది. "అన్నయ్యా... నువ్వు కూడా రా. నీ సంతకం కదా, అడుగుతారేమో."

ఆయన తల ఎత్తలేదు. "నాకు... డిపోలో పనుంది" అని లేచి, గుమ్మం చెక్కను చేత్తో పట్టుకుని, అడుగు చూసుకుంటూ వెళ్లిపోయాడు. తల్లి శవం ఆసుపత్రిలో ఉండగా డిపోలో పనట! చిన్నమ్మాయికి ఏడుపు కూడా రాలేదు.

సహాయం కౌంటరు దగ్గర కళ్లద్దాలావిడ ఓపికగానే మాట్లాడింది. చిన్నమ్మాయి జీతం గురించి అడిగింది, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది. ఆసుపత్రికి ఫోను చేసి, పెట్టేసి, పెదవి విరిచింది.

"చూడమ్మా, నీకు ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ మీ అన్నగారు అక్కడి కాగితంలో ఉన్న రెండు గళ్లలో పై గడిలో సంతకం పెట్టారు. 'ఖర్చు మేమే భరిస్తాం' అన్న గడి అది. స్థోమత లేదన్న గడి దాని కిందే ఉంది, అందులో పెట్టలేదు. కన్నకొడుకు, పైగా డిపోలో ఉద్యోగం అంటున్నావు. ఆయనుండగా మేమెలా ఇస్తాం?"

"మరి... మరెలా అండీ?"

"ఆయనే స్వయంగా వచ్చి తన వల్ల కాదని చెప్పాలి. ఎందుక్కాదో కూడా చెప్పాలి. సాయంత్రం ఆఫీసు మూసేలోగా తీసుకురా. రేపు ఉదయం వ్యాను ఆపాలంటే ఇవాళే నేను కబురు పంపాలి."

చిన్నమ్మాయి డిపోకి పరుగులాంటి నడకతో వెళ్లింది. దారి పొడుగునా అన్నయ్యను తిట్టుకుంటూనే ఉంది. పైన పటారం, లోన లొటారం! లేని దర్జా కోసం అమ్మను గోతిపాలు చేస్తావా... చెయ్యి, చూస్తాను!

గేటు దగ్గరి కాపలాదారు ఆమె మాటకు తెల్లబోయాడు. "ఆఫీసులోనా? డ్రైవరన్న ఆఫీసులో ఎందుకుంటాడమ్మా? వెనక బస్సులు కడిగే చోట చూడు."

వెనక షెడ్డులో నీళ్లు కాలవలా పారుతున్నాయి. అన్నయ్య ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బస్సు పక్కన వంగి ఉన్నాడు. ముందు అరచేత్తో రేకును తడుముతున్నాడు. గరుకు తగిలిన చోట ఆగి, అక్కడ బ్రష్షుతో రుద్దుతున్నాడు. మళ్లీ తడుముతున్నాడు. రెండడుగుల దూరంలో చెల్లెలు నిలబడినా ఎవరో పోల్చుకోలేదు!

చిన్నమ్మాయి ఆ చేతులు రెండూ పట్టి లాగింది. వేళ్ల సందుల్లో పగుళ్లు, తెల్లగా పొరలు లేచిన తోలు, గోళ్ల మొదట్లో ఎర్రటి వాపు.

"ఇవి ఆఫీసు చేతులా అన్నయ్యా? వాషింగ్ సోడా నీళ్లు తిన్న చేతులు నాకు తెలియవా! ఇదిగో, నావి చూడు!" తన చేతులు ఆయన చేతుల పక్కన పెట్టింది. రెండు జతలూ ఒక్కలాగే ఉన్నాయి. ఒకే తల్లి పిల్లల చేతులు! "ఎందుకు దాచావు? ఎవరి కోసం దాచావు?"

బ్రష్షు జారి నీళ్లలో పడింది. అంత పెద్ద మనిషీ బస్సు మెట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"కళ్లకు పొర కమ్మిందే చెల్లీ... ఒకరోజు స్టాపులో నిలబడ్డ మనిషి దగ్గరికొచ్చే దాకా కనిపించలేదు. వెంట్రుకవాసిలో తప్పింది. ఆ రోజే దింపేశారు. మేనేజరు జాలిపడి రోజుకూలీకి ఈ పనిచ్చాడు. మీ వదిన అప్పటికే ఏదో అనుకుని వీధంతా చెప్పేసింది... కాదనడానికి నోరు రాలేదు."

"అమ్మకి తెలుసా?"

"ఒకరోజు సూదిలో దారం ఎక్కించమంది. నా తంటాలు చూసి ఏమీ అనలేదు. మర్నాడు డబ్బా నా ఒళ్లో పెట్టింది. 'ఇది నీ చావు డబ్బమ్మా, వద్దు' అన్నాను. 'చచ్చాక నాకెందుకురా డబ్బు? బతికున్నవాడికి కళ్లు కావాలి గానీ' అంది. ఒక కన్ను బాగుచేశారు. రెండో కంటికీ, అద్దాలకూ చాల్లేదు... అద్దాల్లేక బాగుచేసిన కంటికీ మసకే, బాగా దగ్గరైతేనే ఆనుతుంది." ఆయన తడి వేలితో ఆ కన్ను చూపించాడు. "డబ్బాలో డబ్బంతా ఈ కంట్లో ఉందే చెల్లీ!"

చిన్నమ్మాయికి జాలి వచ్చింది, దాని వెనకే మండిపాటూ వచ్చింది. ఆయన భుజం మీద పిడికిలితో గుద్దింది. "మరి పొద్దున్న నన్ను నలుగురిలో దొంగని చేస్తుంటే చూస్తూ ఊరుకున్నావే! నేను నీ తోడబుట్టలేదా!"

"పిరికివాణ్ణి... నోరు విప్తే అంతా చెప్పాలి. అందుకే ఇవాళ్టి కూలీ అయినా తెచ్చి నీ చేతిలో పెడదామని..."

"ఆ సంతకమో?"

"అక్షరాలన్నీ అలికేసినట్టున్నాయి. చదివి చెప్పండని గుమస్తాని అడగడానికి నామోషీ వేసింది. పెన్ను ఆనిన చోట గీసేశాను. అది ఏ గడో నాకేం తెలుసు!"

ఊరంతా దర్జా అనుకున్నది ఇదా! చిన్నమ్మాయి కొంగుతో తన కళ్లూ తుడుచుకుంది, ఆయన కళ్లూ తుడిచింది. ఆ తర్వాత గట్టిగానే అంది. "లే. వచ్చి ఈ మాటే కౌంటరు దగ్గర చెప్పు. అమ్మకు పేరుండాలా, నీకు పరువుండాలా? రెండూ మాత్రం ఉండవు అన్నయ్యా!"

ఆయన లేచాడు. చెల్లెలి భుజం పట్టుకుని నడిచాడు.

తీరా ఆఫీసుకు చేరేసరికి కౌంటరు ముందు వదిన నిలబడి ఉంది! గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే మరి. మంచి చీర కట్టుకుని, గొంతు పెంచి చెబుతోంది. "మా ఆడపడుచు మాటలు పట్టించుకోకండి మేడం. మావారు డిపోలో ఆఫీసరు. మాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. కావాలంటే ఆ కాగితం మీద రాసిస్తాను!"

కళ్లద్దాలావిడ సొరుగులు మూయడం మొదలుపెట్టింది. చిన్నమ్మాయి అన్నయ్యను నడిపించుకుంటూ కౌంటరు దగ్గరికి జరిగింది. అన్నయ్య చెయ్యి ఆమె భుజం మీద బిగుసుకుంది... ఒక్క క్షణం వెనక్కి తిరిగిపోతాడేమో అనిపించింది! అంతలో ఆ చెయ్యి భుజాన్ని వదిలి, కౌంటరు అంచును వెతుక్కుని పట్టుకుంది.

"మేడం, నేను ఆఫీసర్ని కాదు. బస్సులు కడిగే కూలీని. కళ్లు సరిగ్గా ఆనక తప్పుడు గడిలో సంతకం పెట్టాను. మా అమ్మను సాగనంపే స్థోమత నాకు లేదు." ఆయన వదిన వైపు తిరిగాడు. "డబ్బాలో డబ్బు అమ్మే నా కంటి ఆపరేషనుకి ఇచ్చింది. చెల్లి ముట్టుకోలేదు. దొంగ ఎవరైనా ఉంటే నేనే."

వదిన ముఖంలో నెత్తురు చుక్క లేదు. వరసలో నిలబడ్డ వాళ్లంతా చూస్తున్నారు.

"క్రితం ఏడాది డిపో ట్రైనింగని వెళ్లింది... ఆపరేషనుకా?" అంది మెల్లగా. "మీ కంటికి కట్టు కట్టినప్పుడు పక్కన ఎవరున్నారు?"

"అమ్మ ఉంది."

"నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"నువ్వు అంత సంతోషంగా చెప్పుకుంటుంటే... ఆ సంతోషం తీసేయడానికి మనసొప్పలేదే."

వదిన బెంచీ మీద కూలబడి ముఖం చేతుల్లో దాచుకుంది. కాసేపటికి లేచి కౌంటరు దగ్గరికే వచ్చింది. ఈసారి గొంతు పెరగలేదు. "ఇందాక నేనన్నది కొట్టేయండి మేడం. మావారు చెప్పిందే రాసుకోండి. మాకు సాయం కావాలి."

కళ్లద్దాలావిడ డిపోకి ఫోను చేసి కనుక్కుంది, ఆసుపత్రికి చేసి వ్యాను ఆపించింది. "పెట్టె, స్థలం, పేరు రాసిన చెక్క మేం ఇస్తాం. అంతా సాదాసీదాగా ఉంటుంది. పూలకీ గీలకీ రాదమ్మా."

"పూలు నేను తెస్తాను" అంది వదిన.

మెట్లు దిగుతుంటే ఆమె చిన్నమ్మాయి దారికి అడ్డంగా నిలబడింది. "నిన్ను నానా మాటలూ అన్నాను. నన్ను కొట్టు చిన్నమ్మాయ్... రెండు కొట్టు, నాకు మనశ్శాంతిగా ఉంటుంది!"

"కొట్టడానికి చేతులు ఖాళీ లేవు వదినా. అమ్మకు దుప్పటి ఇస్త్రీ చేయాలి" అంది చిన్నమ్మాయి. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

మర్నాడు ఉదయం అమ్మ తన సొంత చోట్లో పడుకుంది. మీద ఒక్క ముడత లేని తెల్ల దుప్పటి కప్పారు. మట్టి సర్ది, తలవైపు చెక్క పాతి, పనివాళ్లు వెళ్లిపోయారు. వదిన దాని మొదట్లో పూలు పెట్టి పక్కకు జరిగింది.

అన్నయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. బాగుచేయని కంటిని అరచేత్తో మూసుకుని, అమ్మ బాగుచేయించిన కంటిని చెక్కకు ఆనేంత దగ్గరగా తీసుకెళ్లాడు. అక్షరం తర్వాత అక్షరం, బడిపిల్లాడిలా కూడబలుక్కుని అమ్మ పేరు చివరిదాకా పైకే చదివాడు.

"సరిగ్గానే రాశారే చెల్లీ" అన్నాడు. "ఒక్క అక్షరం కూడా తప్పు లేదు."